అత్తమ్మ కరివేపాకు, నా సీతాకోకచిలుక

పంజాగుట్టలోని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్టులిచ్చే కౌంటర్ నాది. పద్దెనిమిదేళ్ళుగా ఒకే కిటికీ వెనక కూర్చుంటున్నాను. అవతలికి వచ్చే ప్రతి మనిషీ అడిగేది ఒకటే, రిపోర్టు ఎప్పుడొస్తుందని. పొద్దున రక్తమిస్తారు, కింద బండి మీద ఇడ్లీ తింటారు, చెయ్యి కడుక్కుని పైకొచ్చి అడుగుతారు. తప్పు వాళ్ళది కాదు. ఒంట్లో ఏముందో తెలియని భయం అది. ఆ సంగతి మొదటి పదేళ్ళు నాకు బాగానే గుర్తుండేది. తర్వాత్తర్వాత మరిచిపోయాను.

ఒకరోజు ఒకాయన కిటికీ దగ్గరికొచ్చి నోరు తెరవబోయాడు. ఆయన గొంతులోంచి మాట బయటికి రాకముందే నేను అందుకున్నాను. సాయంత్రం ఆరు దాటాక రమ్మని, నాకున్నవి రెండే చేతులని, రక్తం దానంతటది లేచి మాట్లాడదని అరిచేశాను. హాల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒక పెద్దాయన మోచేతి మడతలో నొక్కి పట్టుకున్న దూది జారి కింద పడింది. వచ్చినాయన బుద్ధిగా తలూపి వెళ్ళిపోయాడు. ఆయన మంటలార్పే సిలిండర్లను తనిఖీ చేయడానికి వచ్చిన మనిషి. మర్యాదస్తుడు కాబట్టి నిజంగానే ఆరు దాటాక వచ్చాడు. అప్పటికి షట్టరు దించేసి ఉంది. మర్నాడు మా మేనేజరుకు ఫోన్ చేసి, సిలిండర్ల సంగతి తర్వాత, ముందు కౌంటర్లో ఉన్న మేడంను ఎవరికైనా చూపించమని చెప్పాడట.

అలా మా సెంటర్లోనే పై అంతస్తులో కూర్చునే డాక్టరుగారి ముందుకు నన్ను పంపారు. ఆయన గోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు. నా చేతికి పట్టీ చుట్టి బీపీ చూశారు. మిషన్ పాడైందనుకుని తన చేతికి చుట్టుకుని చూసుకున్నారు. ఆయనది బాగానే ఉంది. మళ్ళీ నాకు చుట్టారు.

మాత్రలు రాశాక, ఫోన్లో ఫోటోలు చూపించమన్నారు. ఎందుకో తెలియలేదు గానీ చూపించాను. గ్యాస్ పుస్తకం. ఆధార్ కార్డు, ముందువైపు, వెనకవైపు. కరెంటు మీటరు. చుట్టాలు పంపిన శుభోదయాలు, గులాబీలతో సహా. దుకాణంవాడికి చూపించి మార్చుకుందామని తీసిన పగిలిన బకెట్. ఆయన బకెట్ దగ్గర కాసేపు ఆగారు.

"వీటిల్లో మీకోసం మీరు తీసుకున్నది ఒక్కటీ లేదు కదండీ," అన్నారు. "రోజుకొక ఫోటో తీయండి. మిమ్మల్ని ఏమీ అడగని దాన్ని చూసి తీయండి. మాత్రలు వేసుకుంటూనే సుమా."

వినడానికి తేలికగానే ఉంది. బల్కంపేటలో మా ఇంటికొచ్చి, ఏమీ అడగనిది ఏముందా అని వెతికితే తెలిసింది ఎంత కష్టమో. పిల్లిని తీయబోతే పాలు అడిగింది. పక్కింటి పాపను తీయబోతే ఫోన్ అడిగింది. చివరికి పడుకున్న మా ఆయన్ని తీద్దామని దగ్గరికెళితే, కళ్ళు మూసుకునే ఫ్యాన్ పెంచమన్నాడు. మా ఆయన మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూస్తాడు. రోజంతా వచ్చేపోయే పిల్లల హడావిడి మధ్యే ఉంటాడు గానీ ఆయన బీపీ ఏనాడూ పెరగలేదు. పెరిగేదంతా ఇంట్లో ఒకరికే పెరిగితే చాలనుకున్నాడేమో.

నేను రోజూ మా గల్లీలోంచి అమీర్‌పేట మెట్రో దాకా నడిచి వెళతాను. ఆ దారిలో ఒక ఖాళీ జాగా ఉంది. గేటు మీద "ఈ స్థలం అమ్మకానికి లేదు" అని ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని దాటుకుంటూ పోయాను గానీ లోపలికి చూసింది లేదు. వానలు వెనకబట్టి ఎండ మెత్తబడుతున్న రోజులవి. ఆ పొద్దున చూశాను. జాగా నిండా గునుగు పూసింది. జానెడు కంకులు, కింద తెలుపు, కొసకు గులాబి. వాటి మధ్య పచ్చగా ఒక తంగేడు, కింద నేలంతా గడ్డిచామంతి. ఆ చిన్న చిన్న పూల మీద పసుపు రంగు సీతాకోకచిలుకలు వాలుతూ లేస్తూ ఉన్నాయి. గేటు సగం తెరిచే ఉంది. అవి నన్ను ఏ రిపోర్టూ అడగవని తోచి లోపలికి వెళ్ళాను.

మొదటి రోజు ఇరవై మూడు ఫోటోలు తీశాను. అన్నిటిలోనూ, సీతాకోకచిలుక అప్పుడే వెళ్ళిపోయిన పువ్వు ఉంది. రెండో రోజు ఒక దాంట్లో రెక్క కొస పడింది. అది నా వేలని తర్వాత తెలిసింది. పైగా ఆ జాగాలో వయ్యారిభామ మొక్కలు కూడా ఉన్నాయి. వాటి గాలి తగిలితే నాకు తుమ్ములు. సరిగ్గా సీతాకోకచిలుక రెక్కలు విప్పి నిలబడ్డ క్షణంలో తుమ్ము వచ్చేది. నా తుమ్ము కూడా నా గొంతులాంటిదే. జాగా మొత్తం ఖాళీ అయ్యేది.

అయినా వెళ్ళడం మానలేదు. ఎందుకంటే ఒకటి గమనించాను. ఫోటో కదలకుండా రావాలంటే ఊపిరి బిగబట్టాలి. ఊపిరి బిగబట్టిన మనిషి అరవలేదు. ఆ పది నిమిషాలు నేను కిందికి వంగి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, ఒక గోరంత పువ్వు ముందు నోరు మూసుకుని కూర్చునేదాన్ని. లేచేసరికి లోపల ఎవరో సామాను సర్ది పెట్టినట్టు ఉండేది. మెట్రో ఎక్కి ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్టలో దిగాక కూడా కాసేపు ఆ సర్దుడు అలాగే ఉండేది. మధ్యాహ్నం పన్నెండు దాకా ఒక్కరి మీదా గొంతు లేపని రోజులు కూడా వచ్చాయి. మేనేజరు రెండుసార్లు వచ్చి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు.

రెండో వారంలో జాగాకు కాపలా ఉండే వాచ్‌మన్‌కు నా మీద అనుమానం వచ్చింది. రోజూ ఒకే టైముకు ఒక ఆడమనిషి వచ్చి, నాలుగు మూలలా వంగి ఫోటోలు తీసుకుని పోతోందని యజమానికి చెప్పాడు. మర్నాడు నేను గునుగు పొద వెనక గొంతుక్కూర్చుని ఉండగా తెల్ల కారొకటి వచ్చి గేటు ముందు ఆగింది. యజమాని దిగాడు. ఇద్దరు మనుషులను కూడా వెంట తెచ్చుకున్నాడు.

"ఏ పార్టీ తరఫున వచ్చిన్రు మేడం?" అని అడిగాడు.

సీతాకోకచిలుకల కోసం వచ్చానని చెప్పాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. వెంట వచ్చిన వాళ్ళ మొహాలు చూశాడు. వాళ్ళు కూడా ఆలోచించారు.

"గా పేరుతోటి వెంచర్ ఏడ ఏసిన్రు?" అన్నాడు. "శంకర్‌పల్లి సైడా?"

వెంచర్ కాదని, నిజమైన సీతాకోకచిలుకలని, బీపీ కోసమని నేను చెప్పిన కొద్దీ ఆయన అనుమానం పెరిగింది. ఇంత తెలివితక్కువ అబద్ధం ఎవరూ చెప్పరు కాబట్టి దీని వెనక పెద్ద ఎత్తే ఉండాలనుకున్నట్టున్నాడు. ఇక లాభం లేదని ఫోన్ ఆయన చేతికిచ్చేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ఫోటో జరుపుతూ చూశాడు. పువ్వు, పువ్వు, నా వేలు, పువ్వు, ఖాళీ ఆకు. తర్వాత, ఆ పొద్దున్నే తీసిన గునుగు కంకి వచ్చింది. దాని వెనక నుంచి ఎండ పడి కంకి అంచంతా మెరుస్తోంది. కొసన పసుపు సీతాకోకచిలుక ఒకటి, ఎలా కుదిరిందో గానీ, కదలకుండా కూర్చుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"గిదంత నా జాగల్నే ఉన్నదా?" అని నెమ్మదిగా అడిగాడు.

ఉందన్నాను. ఆ ఫోటో తనకు పంపించుకున్నాడు. మేడం ఎప్పుడొచ్చినా గేటు తియ్యమని వాచ్‌మన్‌కు చెప్పి వెళ్ళాడు. నా ఫోటోను మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. ఆ రోజంతా కౌంటర్లో ఒకరకమైన గర్వంతో కూర్చున్నాను.

మూడు రోజుల తర్వాత వెళ్ళేసరికి జాగా నున్నగా ఉంది. మొక్క లేదు, గడ్డి లేదు. జేసీబీ చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి. గేటు స్తంభం పక్కన, బండి తిరగడానికి వీలుకాని చోట ఒకే ఒక్క గునుగు మొక్క మిగిలింది. నాకు గొంతులోకి అరుపు వచ్చేసింది. వాచ్‌మన్ నా మొహం చూడకుండా, నేల మీద పడ్డ ఒక కంకిని కాలితో కాదు, చేత్తో తీసి గోడ మీద పెట్టాడు.

"సార్ గా ఫోటో అందరికి చూపెట్టిండు మేడం," అన్నాడు. "ఎవరో చెప్పిన్రట, గిట్ల పురుగు పుట్ర ఉన్నయని తెలిస్తే గవర్నమెంటోళ్ళొచ్చి జాగను ఆపుతరని. రాత్రికి రాత్రే సాఫ్ చేపిచ్చిండు."

నా ఫోటోయే ఆ పూల ప్రాణం తీసింది. అతనికేమో నా కంటే ఎక్కువ బాధగా ఉంది. అతని మీద అరవడానికి ఏమీ లేదు. మిగిలిన ఆ ఒక్క మొక్కను ఫోటో తీసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాను. అరవాల్సిన పని మా గల్లీ ఆడవాళ్ళు చేశారు. బతుకమ్మ వారం రోజుల్లో పెట్టుకుని, పేర్చాల్సిన గునుగంతా పారబోయించాడని తెలిసి, యజమాని కారు కనబడినప్పుడల్లా నిలబెట్టి మరీ అడిగారు. ఆయన చివరికి ఎక్కడి నుంచో ఒక ట్రాలీ నిండా గునుగు తెప్పించి గల్లీలో పంచాడు.

నాకు మాత్రం ఫోటోకు ఏమీ లేకుండా పోయింది. అందుకని మేడెక్కాను. మేడ మీద ఉన్నది మా అత్తమ్మ కరివేపాకు మొక్క.

మా అత్తమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. డెబ్బై నాలుగేళ్ళు. ఇప్పటికీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే, వాళ్ళు పడుకున్న దుప్పటి మడతలు సరిచేయనిదే మాత్ర ఇవ్వదు. ఆ కరివేపాకు మొక్కను సిమెంటు కుండీలో ఆమే పెంచింది. రోజుకు రెండు రెబ్బలు, అదీ ఆమే తుంచి ఇవ్వాలి. ఏటా మా చర్చిలో జరిగే కోత పండుగకు ఆ కుండీని తీసుకెళ్ళి, వేదిక మెట్ల పక్కన పెట్టించి, పండుగ అయ్యాక తిరిగి ఇంటికి తెచ్చుకునేది. పొలం లేని మాకు అదే పంట.

ఆ పొద్దున దాని ఆకు మీద ఒక పిట్ట రెట్ట కనబడింది. గోధుమ రంగు, మధ్యలో తెల్ల మచ్చ. ఇంతకంటే మనిషిని ఏమీ అడగనిది లోకంలో ఉండదనుకుని దాన్నే ఫోటో తీశాను. దగ్గరగా తీస్తే బాగానే ఉంది, తడి మెరుస్తూ. మర్నాడూ తీశాను. నాలుగో రోజు సాయంత్రం మా ఆయనకు వరసగా చూపించాను, నా చెయ్యి ఎంత నిలకడగా కుదిరిందో చూడమని.

ఆయన నాలుగూ చూశాడు. ఫోన్ నా చేతిలో పెట్టి, చాలా నెమ్మదిగా అడిగాడు. "నువ్వు నాలుగు దినాల సంది రెట్టను ఫోటో తీస్తున్నవ్. గీ ముచ్చట డాక్టర్‌కు చెప్పినవా?"

నాకు కోపం వచ్చి మళ్ళీ ఫోటోలు చూసుకున్నాను. అప్పుడు కనబడింది. మొదటి రోజు రెట్ట ఉన్న ఆకు, నాలుగో రోజు ఉన్న ఆకు వేరు. పైగా నాలుగో రోజుకు అది రెండింతలైంది. రెట్టలు పెరగవు, నడవవు. పరుగెత్తుకుంటూ మేడ మీదికి వెళ్ళి టార్చి వేసి చూస్తే దానికి ఒక తల ఉంది. ఆ తల ఆకును తింటోంది.

గొంగళిపురుగని తెలిశాక నాకు కలిగిన సంతోషం, అది మూడే రోజుల్లో అత్తమ్మ చెట్టును ఎంత తిన్నదో చూశాక దిగిపోయింది. రెట్ట వేషం విప్పి అది నిగనిగలాడే ఆకుపచ్చ రంగుకు మారింది. నా చూపుడు వేలంత అయింది. దానికి తోడు ఇంకో రెండు బయటపడ్డాయి. పైకొమ్మలు రెండూ ఈనెలు మాత్రం మిగిలి దువ్వెనల్లా నిలబడ్డాయి. నేను రోజూ అత్తమ్మకంటే ముందు లేచి, దువ్వెనల వైపు గోడకు తిప్పి పెట్టేదాన్ని.

ఎన్నాళ్ళు దాగుతుంది. ఒక పొద్దున ఆమె నాకంటే ముందు లేచింది. నేను వెళ్ళేసరికి చేతిలో పాత ఆసుపత్రి పటకారు పట్టుకుని, కుండీ ముందు ఆపరేషన్‌కు నిలబడ్డట్టు నిలబడి ఉంది. వద్దని బతిమాలాను. డాక్టరుగారు చెప్పారన్నాను. కోత పండుగ ఇంకా మూడు వారాలుందని, ఆలోపు చిగురేస్తుందని చెప్పాను. ఆమె వినలేదు. పటకారుతో పెద్ద పురుగు వీపు మీద మెల్లగా తట్టింది.

ఆ పురుగు తల వెనక్కి విరిచింది. నెత్తి మీది నుంచి ఎర్రటి కొమ్ములు రెండు, తడితడిగా, ఫోర్కులాగా బయటికి వచ్చాయి. కుళ్ళిన నిమ్మకాయ లాంటి వాసన గుప్పుమంది. అత్తమ్మ పటకారు కిందికి దించింది. పురుగు కొమ్ములు లోపలికి లాక్కుంది. ఆమె మళ్ళీ తట్టింది. మళ్ళీ కొమ్ములు.

"కోపమొస్తే కొమ్ములొస్తున్నయే దీనికి," అంది. నా వైపు తిరిగి, పైనుంచి కింది దాకా చూసింది. "అచ్చం నీ తీరుగనే ఉన్నది."

ఆ మాట అన్నాక ఆమెకు దాన్ని చంపబుద్ధి కాలేదు. అదే రోజు మధ్యాహ్నం నుంచి నా పురుగులు ఆమె పేషెంట్లయ్యాయి. పాత డైరీ ఒకటి తీసి ముగ్గురికీ కేసు షీట్లు రాసింది. ఉదయం ఆకులు మూడు, విరేచనం సరిగా ఉంది, మధ్యాహ్నం విశ్రాంతి. కాకులు రాకుండా నల్ల గొడుగు తెరిచి కుండీకి కట్టింది. ఇంట్లో పప్పులోకి కరివేపాకు బంద్. చెట్టుకు ఆకులు సరిపోవడం లేదని ఒకరోజు మా ఆయన్ని అమీర్‌పేట కూరగాయల బండ్ల దగ్గరికి పంపి కట్ట తెప్పించింది. మందులు కొట్టి ఉంటారని ఉప్పునీళ్ళలో మూడుసార్లు కడిగి, గుడ్డతో తుడిచి, కొమ్మకు దారంతో కట్టింది. ఆ రాత్రి అన్నంలోకి చారు పోసుకుంటూ మా ఆయన చారులోకి కాసేపు చూశాడు.

"పురుగుకేమో మూడుసార్లు కడిగిన కరివేపాకు," అన్నాడు. "కొడుక్కేమో ఉత్త చారు."

నువ్వు సీతాకోకచిలుకవు కావు కదా అని ఆమె జవాబు.

ఆ పురుగుల ముందు మేమిద్దరం కలిసి కూర్చోవడం మొదలైంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అత్తమ్మా నేనూ పక్కపక్కన ఊరికే కూర్చున్నది లేదు. ఎప్పుడూ మా మధ్య ఏదో ఒకటి ఉండేది, చాట, పప్పు, మాట. ఇప్పుడు పొద్దున్నే రెండు స్టూళ్ళు వేసుకుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, పురుగు ఒక ఆకును ఈ చివరి నుంచి ఆ చివరికి ఎలా తింటుందో చూసేవాళ్ళం. నేను ఫోటోలు తీసేదాన్ని. ఆమె వద్దంటున్నా ఆమెవి కూడా తీశాను. ముడతల చెయ్యి, దాని మీద ఆకుపచ్చ పురుగు. అది నేను తీసిన వాటన్నిటిలోకీ మంచి ఫోటో. ఆ ఫోటో తీసిన రోజు మెట్రోలో నిలబడి, ఎవరికి చెప్పాలో తెలియక, దేవునికి వందనాలు చెప్పాను. బీపీకి కూడా కలిపి చెప్పాను. అది పెరగకపోతే ఇదంతా లేదు.

రెండు పురుగులు గోడెక్కి ఎటో పోయాయి. పెద్దది మాత్రం కొమ్మకు సన్నని దారంతో నడుము కట్టుకుని, కదలకుండా ఆకుపచ్చ కాయలా మారిపోయింది. అబ్జర్వేషన్‌లో ఉందని అత్తమ్మ డైరీలో రాసింది. పది రోజులు ఎవరినీ గట్టిగా తలుపు వేయనివ్వలేదు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. కుండీని చర్చికి తీసుకెళ్ళకపోతే అందరూ అడుగుతారు. తీసుకెళితే కుదుపులు. ఆ పొద్దున కాయ నల్లబడింది. దాని పలచటి పొట్టు లోపల రెక్కల తెల్ల చుక్కలు కనబడుతున్నాయి. ఈరోజో రేపో అని అత్తమ్మ తేల్చింది. ఆటో పిలిచి, కుండీని మా ఇద్దరి మధ్య సీటు మీద కూర్చోబెట్టి, పేషెంట్ ఉన్నారు, జర నిమ్మళంగా పోనివ్వమని డ్రైవరుకు చెప్పింది. అతను వెనక్కి తిరిగి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎవరు పేషెంటో తేలక పంజాగుట్టలో మా చర్చి దాకా సైకిలంత నెమ్మదిగా తోలాడు. వెనక బస్సులు హారన్లు కొట్టాయి. అత్తమ్మ రెండు చేతులూ చాపి కొమ్మకు చెవులు మూసినట్టు మూసింది.

చర్చి మెట్ల మీద గుమ్మడికాయలు, గోంగూర కట్టలు, చెరుకు గడలు, బంతి దండలు, ఎవరో తెచ్చిన రెండు బాతులు. వేదిక పక్కన మా కుండీ. నేను ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చున్నాను, కళ్ళు కుండీ మీద పెట్టుకుని. పాటలయ్యాయి. వాక్యోపదేశం మొదలైంది. పాస్టరుగారు మంచి మనిషి. ఆయనకు ఉన్నదల్లా ఒకటే, మొదలుపెడితే ముగించడానికి మనసొప్పదు. విత్తువాని గురించి చెబుతూ ఇంకా పొలం దున్నే దగ్గరే ఉన్నారు. అప్పుడు ఆ కాయ కదిలింది.

మొదట నమ్మలేదు. మళ్ళీ కదిలింది. పైన చీలిక వచ్చింది. నేను ఫోన్ పట్టుకుని లేచాను. అందరూ చూస్తారన్న ఆలోచన కూడా రాలేదు. తల వంచుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, మధ్య దారిలో నడిచి వేదిక దగ్గరికి వెళ్ళి, కుండీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫోన్ పైకెత్తబోయాను.

పాస్టరుగారు ఆగిపోయారు. మా చర్చిలో వాక్యం మధ్యలో ఎవరైనా లేచి ముందుకొచ్చి మోకరించారంటే, వాళ్ళ హృదయం నలిగిందని అర్థం. ఆయన పుస్తకం పక్కన పెట్టి మెట్లు దిగి వచ్చారు. నా తల మీద చెయ్యి పెట్టారు. బరువైన చెయ్యి.

"ఈ సహోదరి భారం ఏదైనా ప్రభువుకు తెలుసు," అన్నారు. "అందరం కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒకటి మూసుకున్నాను. చెయ్యి కింద తల ఎత్తలేను, ఫోన్ ఎత్తలేను. నా మూతికి జానెడు దూరంలో, ఆ చీలిక లోంచి ముందు రెండు కాళ్ళు, తర్వాత తల, తర్వాత నలిగిన గుడ్డ పేలిక లాంటి ఒళ్ళు బయటికి వచ్చాయి. అది కొమ్మ పట్టుకుని వేలాడింది. పాస్టరుగారు నా కుటుంబం కోసం ప్రార్థించారు, ఉద్యోగం కోసం ప్రార్థించారు, నాకు లేని అప్పుల కోసం కూడా ప్రార్థించారు. ఆ పేలిక నెమ్మదిగా విచ్చుకుంటోంది. ముడతలు ఒక్కొక్కటే సాగి, నల్లటి రెక్కలు, కింద అంచున తెల్లని చుక్కల వరస. ఇస్త్రీ చేసినట్టు అయ్యేదాకా ప్రార్థన సాగింది. ఫోన్ నా ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. ఒక్క ఫోటో లేదు. లేదన్న బాధ కూడా లేదు. నాకు ఏదో కావాలన్న ఊసే లోపల లేదు. ఆమెన్ అనేసరికి నా చెంపలు తడిసి ఉన్నాయి. అది చూసి ఆయన ఇంకా చలించిపోయారు.

"చెప్పమ్మా," అన్నారు మైకు నా దగ్గర పెట్టి. "నీ భారం సంఘంతో పంచుకో."

చర్చిలో అబద్ధం ఎలా చెబుతాను. "సీతాకోకచిలుక పుట్టింది పాస్టరుగారూ," అన్నాను.

ఆ మాట మైకులో బయట చెప్పుల స్టాండు దాకా వినబడింది. బాతు ఒకటి అరిచింది. పాస్టరుగారు వంగి కుండీలోకి చూశారు. సరిగ్గా అప్పుడే అది కొత్తగా పుట్టిన సీతాకోకచిలుకలన్నీ చేసే పని చేసింది, కడుపులో మిగిలిన రసాన్ని బయటికి విడిచింది. ఎర్రటి చుక్క ఒకటి ఆయన తెల్లని అంగీ చేతి మీద పడింది. రక్తమని ఎవరో అన్నారు. ముందు వరసలోంచి అత్తమ్మ లేచి, తన పాత డ్యూటీ గొంతుతో, అది రక్తం కాదు, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి, ఎవరూ మీద పడొద్దని చెప్పింది. తర్వాత పిల్లలను వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ చూపించింది. పెద్దలు కూడా ఆ వరసలోకి వచ్చి నిలబడ్డారు. పాస్టరుగారు చేతి మడత పైకి చుట్టుకుని వరస చివర నిలబడ్డారు. విత్తువాడు ఆ ఏడాది విత్తనాలు చల్లనేలేదు.

భోజనాల వేళకు అది కిటికీ దాకా ఎగిరి, ఊచల మధ్య నుంచి బయటికి పోయింది.

ఇప్పుడు కూడా కౌంటర్లో నేను అరుస్తాను. అరవనని చెబితే మా మేనేజరు నవ్వుతాడు. కానీ కిటికీ అవతల ఎవరైనా నోరు తెరిస్తే, ముందు వాళ్ళను తెరవనిస్తాను. అందులో సగం మంది బాత్రూం ఎటని అడుగుతారని ఇన్నేళ్ళ తర్వాత తెలిసింది.

పోయిన నెల అత్తమ్మ ఇంకో మొక్క కావాలంది. ఒకటే చెట్టయితే తన పురుగు పిల్లలకు చాలదట, అవి నిమ్మాకు కూడా తింటాయట. ముగ్గురం కలిసి ఒక నర్సరీకి వెళ్ళాం. నిమ్మ మొక్క ముందు నిలబడి, ఇది ఎలాంటిదని ఆమె అడిగింది. మంచి జాతిదని, ఆరోగ్యమైనదని, దీనికి ఒక్క పురుగు కూడా పట్టదని నర్సరీ అతను ధైర్యం చెప్పాడు.

"పట్టకపోతే మాకెందుకయ్యా?" అంది అత్తమ్మ. "మస్తుగ పట్టేదుంటే చూపెట్టు."

అతను మా ఆయన వైపు చూశాడు. ఈవిడను అడగకు, ఉన్నవాటిలో బాగా పాడైపోయింది ఇచ్చెయ్యమని మా ఆయన చెప్పాడు. అతను చాటున పారేయడానికి పెట్టిన మొక్క ఒకటి తెచ్చిచ్చాడు. ఆకుల నిండా చిల్లులు. అత్తమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆకు వెనక తిప్పి చూసి, గుడ్లున్నాయని నాకు చూపించింది. ఆవగింజంత, పసుపు రంగు, రెండు. నేను ఊపిరి బిగబట్టి ఫోటో తీశాను. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆ మొక్కను ఒళ్ళో పెట్టుకుని, ఇంటి దాకా ఆటోలో ఒక్క మాట అనకుండా కూర్చున్నది మాత్రం మా ఆయన.